కన్ను తడపని రాజు

పులుసు మీద కొవ్వు తెట్టు కట్టేస్తోంది, మలుగు చేపల పులుసు చల్లారితే పందులు కూడా ముట్టవని వంటవాడు ఓదో పొద్దున్నే చెప్పాడు, ఏవయ్యా కవీ, నువ్వు కథ చెప్పకముందు ఈ కోటలో పండుగంటే కూర్చుని తినడమే, ఇప్పుడు ఎవరో ఒకరు వచ్చి వరం అడిగితేగాని మా దొర చేతులు కడగడట, నా పులుసు సంగతి నీ కథలో రాజుకేం తెలుసు, అని గొణిగాడు, నేను నవ్వాను, గర్వంగానే నవ్వాను, ఎందుకంటే ఈ షాంపేన్ సీమ మొత్తంలో ఒక కవి కట్టిన కథ విని పెంతెకొస్తు పండుగ భోజనం ఆపుకున్నది మా ఆన్సో దొర ఒక్కడే, ఆ కవిని నేను, గిరార్‌ని, ఎవరో ముసలమ్మ వచ్చి మేకను అడుగుతుంది, లేకపోతే ఓ సన్యాసి మఠానికి దూలం అడుగుతాడు, నిరుడు అలాగే జరిగింది, ఏం కావాలో వినకుండానే దొర ఇచ్చాను అన్నాడు, అందరూ బల్లలు చరిచారు, తర్వాత భోజనం, ఈసారీ అంతేలే అనుకున్నాను, పొరుగు దొర బెర్నియే వస్తాడని నేనేం కలగన్నానా.

వచ్చాడు, గుర్రాన్ని పొడిచే కాలి ముళ్ళు కూడా విప్పకుండా నడిచి వచ్చి ఎడమ మోకాలు నేలకు ఆనించాడు, ఎడమ మోకాలే, కథలో ఎలా రాశానో అలాగే, దొరా ఒక వరం కావాలి, ముందు మాటిస్తే తర్వాత అడుగుతాను, అన్నాడు, దొర ముఖం వెలిగిపోయింది, పదిమందిలో పరీక్షకు నిలబడే క్షణం కోసం మూడేళ్ళుగా ఎదురుచూస్తున్న మనిషి, ఇచ్చాను అనేశాడు, అప్పుడు బెర్నియే లేచి మోకాలి దుమ్ము దులుపుకుని, సంతలో బర్రె బేరం కుదిరినంత తీరుబడిగా, మీ అమ్మాయి ఏలిస్‌ని నాకివ్వండి, సాయంత్రానికి మా ఇంటికి తీసుకెళతాను, అన్నాడు, ఎవరో దగ్గారు, ఎవరి చేతిలోనో కత్తి పళ్ళెం మీద పడింది, ఏలిస్‌కి పదేళ్ళు, పడిపోయిన కోరపన్ను చోట కొత్తది ఇప్పుడిప్పుడే తొంగిచూస్తోంది, బెర్నియే ఇద్దరు పెళ్ళాలను పూడ్చినవాడు, రెండో ఆమెకు పదహారు, పెళ్ళయినది మొదలు పుట్టింటివాళ్ళెవరినీ గడప తొక్కనివ్వలేదు, శవపేటిక మోయడానికి మాత్రం రమ్మన్నాడు.

చర్చి గురువు గొంతు సవరించుకుని, పన్నెండు నిండేదాకా పెళ్ళి జరిపించకూడదు కదా నాయనా, అన్నాడు, నిండాకే జరిపించండి గురువుగారూ, అంతవరకూ నా ఇంట్లో ఉంటుంది, నేనేమన్నా పులినా, అన్నాడు బెర్నియే, గురువు తలొంచుకుని బల్లగుడ్డ సరిచేయడం మొదలుపెట్టాడు, ఈ మనిషికి ఈ ఉపాయం ఎవరు చెప్పారు, ఎవరు చెప్పారేమిటి, నేనే, మొన్న చలికాలంలో పొయ్యి దగ్గర నేను కథ వినిపిస్తుంటే ప్రేమ ఘట్టాలు వచ్చినప్పుడల్లా ఆవులించినవాడు వరం ఘట్టం రాగానే ముందుకు వంగి కూర్చున్నాడు, అయిపోయాక స్వయంగా నా గిన్నెలో ద్రాక్షసారాయి పోసి, ఒక్క సందేహం గిరార్, ఆ అడిగినవాడు రాజు సొంత బిడ్డనే అడిగాడు కదా, అప్పుడు కూడా రాజు కాదనకూడదా, అన్నాడు, నా మొద్దు బుర్రకు అనుమానం రావద్దూ, కాదంటే ఇక పరీక్షేముంది అయ్యగారూ, గుర్రాన్నీ ఉంగరాన్నీ ఎవడైనా ఇస్తాడు, ప్రాణమైనదాన్ని ఇస్తేనే మాట విలువ తెలిసేది, అన్నాను, ఎంత బాగా చెప్పావయ్యా అని ఇంకో గిన్నె పోశాడు, తాగాను, రెండూ తాగాను.

ఆ రాత్రే కాబోలు ఏలిస్ నా ఫిడేలు కమాను పట్టుకుని, రాజుగారి కూతురి పేరేంటి, అని అడిగింది, పేరు పెట్టలేదమ్మా, రెండు పాదాల్లో వచ్చి వెళ్ళిపోతుంది, దానికి పేరెందుకు, అన్నాను, మరి తను ఏడ్చిందా, వెళ్ళనందా, అంది, అది కథకు అడ్డం తల్లీ, అన్నాను, ఛీ, నిజంగా అలాగే అన్నాను, తల్లికి మాత్రం నాలుగు పాదాలిచ్చాను, మూర్ఛపోయేలా చేశాను, మూర్ఛకు ప్రాస తేలిగ్గా దొరుకుతుంది, కానీ ఏలిస్ తల్లి, మా దొరసాని మహో, మూర్ఛపోలేదే, నిటారుగా కూర్చుంది, ఒక చేత్తో పిల్ల జడను గుప్పిట బిగించి పట్టుకుంది, లాగుతోందమ్మా అని పిల్ల చిన్నగా అంటున్నా వదలడం లేదు, మొగుణ్ణి చూడటం లేదు, బెర్నియేను చూడటం లేదు, నన్ను చూస్తోంది, అమ్మగారూ నన్ను చూడకండి, నేను పాట కట్టుకుని పొట్టపోసుకునేవాణ్ణి, కత్తి పట్టినవాణ్ణి కాను, బల్ల చివర, దొరల ఉప్పుగిన్నెకు దూరంగా కూర్చునేవాణ్ణి, నేనేం చేయగలను, నాకెవరు మాటిచ్చారు, నన్నెవరు అడుగుతారు.

అడిగారు, దొరే అడిగాడు, గిరార్, నీ కథలో ఆ రాజు అప్పుడేమన్నాడో ఇంకోసారి చెప్పు, నాకు సరిగా గుర్తు లేదు, అన్నాడు, గుర్తు లేకపోవడమేమిటి, ఆ ఘట్టం వేటకు వెళ్ళినప్పుడు గుర్రం మీద పాడుకునే మనిషి, అంటే దారి చూపించమంటున్నాడు, బాబూ ఏదో ఒకటి చెప్పి నన్ను బయటపడేయమని అందరి ఎదుటా చేతులు జోడించలేక ఇలా అడుగుతున్నాడు, అబద్ధం చెప్పరా గిరార్, నీ కథ నీ సొత్తు, నువ్వెలా చెబితే అదే కథ, రాజు లేచి బిడ్డ మాటకు బిడ్డే యజమాని, నా నాలుక ఇవ్వగలిగింది నా వస్తువులే, అన్నాడని చెప్పు, అందరూ ఊపిరి పీల్చుకుంటారు, బెర్నియే అరుస్తాడు, చలికాలంలో ఇలా లేదంటాడు, మరిచిపోయారు అయ్యగారూ అనేస్తే పోయె, కట్టినవాణ్ణి నేనా మీరా అంటే నవ్వుతారు కూడా, నవ్విస్తే చాలు, పిల్ల ఇంట్లో ఉంటుంది, లేచాను, ఆ కొత్త మాట నోటిదాకా వచ్చింది కూడా, నత్తిగా ఉంది, గణం కుదరలేదు, వెనకపాదంతో ప్రాస కలవలేదు, అందరూ నావైపు తిరిగారు, ఓదో కూడా గరిటె దించాడు, హాలంతా నిశ్శబ్దం, నా కోసం ఇంత నిశ్శబ్దం ఎప్పుడూ లేదు, ఇంతమంది ముందు ఆ కుంటి పాదం చదవాలా, ఒక్క క్షణం, ఒక్క మంచి ప్రాస దొరికితే, తిప్పడు, చెప్పడు, ఒప్పడు, ఒప్పడు బాగుంటుందేమో, తొందరగా, దొరసాని పెదవులు కదిలాయి, గిరార్ అన్నదో దయచేసి అన్నదో, నా నోరు తెరుచుకుంది,

మాట ఇచ్చినవాడు మాట తిప్పడు,
కన్నదాన్నే ఇచ్చినా కన్ను తడపడు,

అని వచ్చేసింది, అలవాటైన దారిలో గుర్రం పోయినట్టు పోయింది, దొర కళ్ళు మూసుకున్నాడు, తర్వాత తెరిచాడు, పొడిగానే ఉన్నాయి, లేచి వెళ్ళి దొరసాని వేళ్ళను ఒక్కొక్కటే జడ నుంచి విడదీశాడు, అమ్మా నేనెక్కడికి, అని అడుగుతోంది పిల్ల, బెర్నియే చెయ్యి చాపాడు, నేనింకా నిలబడే ఉన్నాను, ఏడుపొస్తోంది, అయినా దాని కింద, ఎవరికీ చెప్పుకోలేని చోట, ఇంకేదో ఉంది, ఏమిటది, సిగ్గులేని మనసా ఏమిటది, రెండో పాదం దగ్గర నా గొంతు ఎంత చక్కగా పలికిందో, చివరి బల్ల దాకా ఎంత స్పష్టంగా వినిపించిందో, అది తలుచుకుంటున్నాను, బిడ్డ గడప దాటుతుంటే అది తలుచుకుంటున్నాను, దొర మాట పోగొట్టుకోవడానికి సిద్ధపడ్డాడు, ఒక్క పాదం చెడగొట్టుకోలేనివాణ్ణి నేను, ఏలిస్‌ని ఇచ్చేసింది నేను.