కుడిచేతి కొలువు

మా ఇంటిముందు పొదల కంచె వీధి మొత్తానికీ అందం. ఒక్క రెమ్మ వరస తప్పినా కత్తెర పట్టుకుని బయటికొస్తాను. దీన్ని గర్వం అనేవాళ్ళున్నారు, నేను మాత్రం ప్రజాసేవ అంటాను. సేవ చేస్తూ నిలబడితే ఎదురింటి ముందుగది కిటికీ నేరుగా కళ్ళకి ఆనుతుంది. అందులో నా తప్పేమీ లేదు, ఆ ఇళ్ళు కట్టినవాడు ఏనాడో పోయాడు.

మా ఊరు ఇంగ్లండులో సముద్రం ఒడ్డున ఉన్న ఫ్లీట్‌వుడ్. ఎదురింట్లో ఉండేది రేమండ్ థ్రెల్‌ఫాల్, ఆయన భార్య జానిస్. పొద్దున్నే జానిస్ తెరలు పక్కకి లాగుతుంది. రేమండ్‌ని లేపి, చంకల కింద చేతులు వేసి, కిటికీ పక్క కుర్చీలోకి చేరుస్తుంది. మొహం తుడిచి, గడ్డం గీసి, స్వెట్టర్ బొత్తాలు పెట్టి, ఓట్స్ జావ తినిపిస్తుంది. జావ ఉడకలేదని రేమండ్ రోజూ అంటాడు. రేపు ఉడుకుతుందిలే అని జానిస్ రోజూ అంటుంది. ఆ మాటల్లో కోపమూ లేదు, ముద్దూ లేదు. రేడియోలో సముద్రం మీద గాలులెలా ఉన్నాయో చెబుతుంటే ఇద్దరూ వింటారు. ఆ సముద్రం మీదకి ఇద్దరిలో ఎవరూ వెళ్ళేది లేదు.

పక్షవాతం వచ్చినప్పుడు రేమండ్ కుడివైపంతా పడిపోయింది. కాలు కర్రలాగా అయింది. చెయ్యి మాత్రం ఇంకోలా పడిపోయింది. జావ తినడం అయ్యాక అది మణికట్టు దగ్గర విడిపోయి, కుర్చీ దిగి, తన దారిన తను పోతుంది. నెత్తురు రాదు, నొప్పి ఉండదు, చొక్కా చేతి కొస ఖాళీగా వేలాడుతుంది, అంతే. వేళ్ళ మీద నడుచుకుంటూ జానిస్ వెనకాలే వంటగదిలోకి వెళ్తుంది. ఆవిడ బజారుకి బయల్దేరితే కోటు జేబులోకి దూరుతుంది. పార్సిలు వస్తే తలుపు దగ్గర అందుకునేది అదే. పోస్ట్‌మాన్ దాని వేళ్ళ మధ్య పొట్లం పెట్టి, మళ్ళీ వాన పట్టేట్టుందని చెప్పి పోతాడు. రాత్రి నిద్రవేళకి వచ్చి తన చోట తను అతుక్కుంటుంది.

దాని గురించి ఎవరూ ఏమీ అడగరు. మా ఊళ్ళో మనిషితో వాన గురించి మాట్లాడొచ్చు, గాలి గురించి మాట్లాడొచ్చు. ఆయన చెయ్యి ఎటు పోతోందని అడగడం అంటే తలుపు తట్టకుండా ఇంట్లోకి చొరబడ్డట్టు. రేమండ్‌కి కూడా అది ఎటు పోతోందో పట్టదు. అందులో స్పర్శ లేదు. పొయ్యి మీద పెట్టినా, మంచులో పెట్టినా ఆయనకి తెలియదు. "పక్కింటి పిల్లి లాంటిదది, నాది కాదు, వస్తుంది పోతుంది" అంటుండేవాడు.

జానిస్‌కి చిన్నప్పటి నుంచీ మూర్ఛ ఉంది. ఆ జబ్బుకి సర్కారిచ్చే భత్యం ఆవిడకి విడిగా వస్తుంది. ఎప్పుడు ఎక్కడ పడుతుందో తెలియదు. పడి లేచాక కాసేపు ఎవరి ఇంట్లో ఉందో కూడా గుర్తుండదు. ఇన్నేళ్ళలో తల పగలకపోవడం అదృష్టమే అనుకునేది. వంటగదిలో పడితే కుర్చీలో ఉన్న రేమండ్‌కి చప్పుడు వినిపిస్తుంది గానీ ఏమైందో కనిపించదు. గడియారం చూస్తూ పేరు పెట్టి పిలుస్తూ ఉంటాడు. జవాబు రావడం మరీ ఆలస్యమైతే ఎడమచేత్తో ఫోన్ అందుకుని ఆంబులెన్స్‌ని పిలుస్తాడు. అదీ వాళ్ళ కాపురం.

ఈ వసంతంలో జానిస్‌కీ పింఛను వయసు వచ్చింది. మా దేశంలో మొగుడికి ముందే వచ్చినా సరే, ఇద్దరిలో చిన్నవాళ్ళకి కూడా వయసు వచ్చేదాకా ఆ ఇంటిని పింఛనుదారుల లెక్కలో పూర్తిగా చేర్చుకోరు. అంచేత రేమండ్ ఇన్నాళ్ళూ ఆవిడ కోసం ఆ లెక్క గుమ్మం బయట నిలబడాల్సి వచ్చింది. తీరా ఇద్దరూ లోపలికి వచ్చాక, ఆయన్ని చూసుకుంటున్నందుకు జానిస్‌కి ఇస్తున్న సంరక్షకుల భత్యం ఆగిపోయింది. ఒక మనిషి బతుకుతెరువుకి రెండు చెల్లింపులు ఇవ్వరట. పింఛను పెద్దది కాబట్టి అదే ఉంచుతారట.

పైకి చెల్లింపు ఆగినా లోపల అర్హత అలాగే ఉంటుంది. అది మాకెవరికీ తెలియదు. జానిస్ భత్యాల ఆఫీసుకి ఫోన్ చేసింది. వాళ్ళు వినిపించే సంగీతమంతా విని, చివరికి ఒక అమ్మాయి పలికితే, ఇన్నాళ్ళు ఇచ్చినందుకు థాంక్స్ చెప్పి, మీకు ఇబ్బంది ఎందుకు, ఖాతా మూసేయండి అని చెప్పింది. ఇంకే దేశంలోనైనా పోట్లాడి ఉండేవారు. మావాళ్ళు థాంక్స్ చెప్పి మూసేస్తారు.

జానిస్ ఆ తర్వాత కూడా అంతే. జావ, గడ్డం, బొత్తాలు. ఆవిడ మొహంలో ఏమీ మారలేదు, మారడానికి అందులో ఏమీ మిగల్లేదు. మార్పు వచ్చింది రేమండ్‌లో. ఆయన చేపల రేవులో చేపలు ఒలిచి ముళ్ళు తీసే పని చేసినవాడు. అక్కడ మనిషికి వయసు అయిపోతే గోడ గడియారం ఒకటి చేతిలో పెట్టి చప్పట్లు కొట్టేవారు. మర్నాటి నుంచి ఆ మనిషి రావక్కర్లేదు. సర్కారు జానిస్‌ని అలాగే పనిలోంచి దింపేసిందని ఆయన లెక్క. దిగిపోయిన మనిషి చేత ఇంకా చాకిరీ చేయించుకోవడం ఆయనకి నచ్చలేదు. ఎడమచేత్తో ఫోన్ చేసి, సముద్రం ఒడ్డున ఉన్న వృద్ధుల హోమ్‌లో గది మాట్లాడుకున్నాడు. ఆ సంగతి టీ తాగుతూ జానిస్‌కి చెప్పాడు. ఆవిడని ఆయన జాన్ అని పిలుస్తాడు.

"సోమవారం వ్యాన్ వస్తుంది."

"దేనికి?"

"నా కోసం. నీ పని అయిపోయింది కదే జాన్. ఇంకెన్నాళ్ళు మోస్తావు ఈ బస్తాని?"

జానిస్ కప్పు కింద పెట్టింది. "అక్కడ జావ ఉడకబెడతారో లేదో" అంది. అంతటితో ఆగి, పైనుంచి సూట్‌కేస్ దింపి, బనియన్లకీ మేజోళ్ళకీ ఆయన పేరున్న పట్టీలు కుట్టడం మొదలుపెట్టింది. హోమ్‌వాళ్ళు అలా చెయ్యమన్నారట. ఆవిడ కుడుతుంటే దారం కండె దొర్లిపోకుండా రేమండ్ చెయ్యి దాన్ని పట్టుకుని బల్ల మీద కూర్చుంది. ఆ వేళ నా కంచెకి అదివరకెన్నడూ లేనంత కత్తిరింపు జరిగింది.

ఆయన హోమ్‌కి పోతే పింఛను ఎవరి పేరన ఎంత మిగులుతుందో తెలుసుకోవాలని జానిస్ భత్యాల సంగతులు చెప్పే సలహా కేంద్రానికి కబురు పెట్టింది. శుక్రవారం మధ్యాహ్నం నుస్రత్ అనే అమ్మాయి వచ్చింది. చలి తగ్గిందని కిటికీ తెరిచి ఉంచారు. నా కంచెకి అటు చివర కాస్త ఎత్తుపల్లాలు కనిపించాయి.

నుస్రత్ అన్నీ అడిగింది. మూసేయమని ఫోన్ చేసిన సంగతి విని తల పట్టుకుంది. ఆగింది డబ్బే గాని హక్కు కాదని, మళ్ళీ అర్జీ పెట్టాలని, అర్హత ఉంది గాని పింఛను ఎక్కువ కాబట్టి ఇవ్వలేమని వాళ్ళ చేత అనిపించుకోవాలని, ఆ మాట ఉంటే, రాబడి తక్కువున్న పింఛనుదారులకిచ్చే పెన్షన్ క్రెడిట్ అనే దానిలో కొంత కలుపుతారని చెప్పింది.

"లేదంటారని తెలిసి కూడా అడగాలా?" అంది జానిస్. "మా అమ్మ చూస్తే సిగ్గుతో చచ్చేది."

"వాళ్ళు లేదనాలనే అడుగుతున్నామండీ. ఆ 'లేదు' మనకి కావాలి."

జవాబు చెప్పబోతూ జానిస్ ఆగిపోయింది. కళ్ళు పైకి తేలాయి. నిలబడ్డ మనిషి వెనక్కి, పొయ్యిగూటి రాతిపలక మీదకి ఒరిగింది. బిస్కెట్ల డబ్బా మీద కూర్చున్న చెయ్యి ఒక్క గెంతు గెంతింది. తల రాయిని తాకేలోపు కిందికి దూరి, అరచెయ్యి వెల్లకిలా పరిచింది. తల అందులో పడింది. తర్వాత ఆవిడని మెల్లగా పక్కకి తిప్పింది. బొటనవేలితో పెదవి కిందికి లాగి ఊపిరికి దారి చేసింది. అవన్నీ చాలాకాలంగా చేస్తున్న పనుల్లాగే చేసింది. మెడ దగ్గర జుట్టు సర్ది అక్కడే ఉండిపోయింది.

నేను ఆ పని బజారులో ఎన్నోసార్లు చూశాను. వీధిలో ఇంకా చాలామంది చూశారు. వాళ్ళిద్దరూ ఎన్నడూ చూడలేదు. ఆవిడకి స్పృహ ఉండదు, ఆయనకి వంటగదీ బజారూ కనిపించవు. మేమెవరం చెప్పలేదు, చెబితే బాగుండదని.

రేమండ్ గడియారం చూడడం మర్చిపోయాడు. చాలాసేపు తన చేతినే చూశాడు.

నుస్రత్ నేల మీద మోకాళ్ళ మీద కూర్చుని ఉంది. చెయ్యడానికి ఆమెకి పనేమీ మిగల్లేదు. "రోజూ ఎవరు చూసుకుంటారండీ ఈవిడని?" అంది.

"ఎవరూ చూసుకోరు. నేను కదల్లేను కదా."

"ఆ చెయ్యి ఎవరిది?"

రేమండ్ ఖాళీ చొక్కా చెయ్యి వైపు చూశాడు. అది పిల్లి లాంటిదని అంటాడనుకున్నాను.

"నాదే."

"ఎప్పుడూ ఆవిడ దగ్గరే ఉంటుందా?"

"పొద్దుటి నుంచి పడుకునేదాకా."

"అయితే మీరూ అర్జీ పెట్టాలి. మిమ్మల్ని చూసుకుంటున్నందుకు ఆవిడ, ఆవిడని చూసుకుంటున్నందుకు మీరు. ఇద్దరికీ లేదంటారు, ఇద్దరి లెక్కలోనూ కలుపుతారు. కాకపోతే ఇద్దరూ ఒకే ఇంట్లో ఉండి చూసుకుంటూ ఉండాలి."

జానిస్ కళ్ళు తెరిచింది. ఎక్కడుందో తెలియడానికి గోడల వైపు చూసింది, సూట్‌కేస్ వైపు చూసింది. తల కింద ఉన్నదేమిటో తడిమి చూసి, అలాగే పట్టుకుని ఉండిపోయింది.

"టీ చల్లారిపోయిందా?" అంది.

"ఈ అమ్మాయి మళ్ళీ పెడుతుందిలే. జాన్, సోమవారం వ్యాన్ రావద్దని చెప్పు."

"ఏం, ఎందుకు?"

"నాకు ఇక్కడ పనుంది."

ఆవిడ ఏడవలేదు, నవ్వలేదు. "బనియన్లన్నిటికీ పేర్లు కుట్టి చచ్చాను" అంది. మళ్ళీ తనే, "ఉండనీలే, ఎవరివో తెలుస్తుంది" అంది.

అర్జీలు ఇద్దరివీ వెళ్ళాయి. ఇద్దరికీ లేదన్నారు. నుస్రత్ ఆ రెండు లేదుల్నీ తీసుకుని ఇంకోచోట చూపిస్తే అక్కడ అవుననేశారు. మునుపటికంటే గది కాస్త వెచ్చగా ఉంటోంది. జావ ఇప్పటికీ ఉడకడం లేదట.

అర్హత ఉండి డబ్బు రాకపోవడం, రాని ఆ డబ్బు వల్లే ఇంకో డబ్బు రావడం ఎలాగో నుస్రత్ నాకు చాలాసార్లు వివరించింది. బిస్కెట్లు పెట్టి కూడా చూపించింది. ప్రతిసారీ తలూపాను. నాకు ఇంతవరకూ అర్థం కాలేదు.