తువ్వాల కింద పచ్చలైటు

నేను ఒక మెట్లెక్కే కుర్చీని. కరెంటు ఛార్జింగుతో నడుస్తాను. నా అడుగున రెండు రబ్బరు పట్టాలుంటాయి. వాటితో మెట్టు అంచును పట్టుకుని, మనిషి ఒరిగిపోకుండా పైకి తీసుకుపోతాను. ఎక్కడో దూరదేశంలో తయారై హైదరాబాదు వచ్చాను. దుకాణంలో నా మీద మొట్టమొదట కూర్చున్నది ఇసుక బస్తా. దాన్ని ఎక్కించి దించుతుంటే చూడవచ్చినవాళ్లు చప్పట్లు కొట్టేవారు. ధర చెప్పగానే చప్పట్లు ఆగేవి.

నన్ను కొన్నది గోదావరి ఒడ్డున బొగ్గుబాయిలో పనిచేసే నలుగురు. తమ కోసం కాదు, జతగాడు ఓదెలు కోసం. బాయిలో పైకప్పు కూలి అతనికి నడుము విరిగింది, కాళ్లు పడిపోయాయి. ఇల్లేమో క్వార్టర్లలో రెండో అంతస్తు. రోజూ షిఫ్టు దిగగానే ఈ నలుగురూ వచ్చి, అతన్ని ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి, తలా ఒక కోడు పట్టుకుని చాయ్ హోటలుకు మోసుకుపోయేవారట. వయసు మీద పడింది. ఒకరికి మోకాళ్లు, ఒకరికి ఆయాసం. అందుకే తలా కొంత వేసుకుని నన్ను తెచ్చారు.

తెచ్చిన రోజు నాలో ఛార్జింగు లేదు. మెట్లెక్కే కుర్చీని మెట్లెక్కించింది ఆ నలుగురే.

"మలుపచ్చింది! మెల్లగ తిప్పుండ్రి, ఎన్కోళ్లు ఆగుండ్రి!" అని మొండయ్య కేకేశాడు. నలుగురిలో పెద్దవాడు అతనే. "నీకన్న ఇదే బరువున్నదిర ఓదెలూ!"

"మరి ఇన్నొద్దులు నన్ను దున్నపోతు అంటిరి గద!" అని పైనుంచి ఓదెలు. మెట్లనిండా నవ్వులు.

మర్నాటి నుంచి ఓదెలు తనంతట తానే దిగాడు. వాడకట్టంతా నిలబడి చూసింది. కొన్నాళ్లు హోటలు దగ్గర నలుగురూ ఎదురుచూశారు. తర్వాత ఒకరికి మనవడి బడి, ఒకరికి పొలం పని. ఎవరి తప్పూ లేదు. మోయాల్సి ఉన్నప్పుడు మనుషులు ఎలాగైనా వస్తారు, ఊరికే రావడానికే తీరిక దొరకదు. ఓదెలు ఒక్కడే చాయ్ చల్లారబెట్టుకుని, నాతో ఇంటికి వచ్చేవాడు. నేను ఒక్కసారీ ఆగిపోలేదు. అదే నేను చేసిన అపకారమేమో!

ఒకరోజు అతను భుజం మీది తువ్వాల తీసి, ఛార్జింగు ఉన్నంతసేపూ వెలిగే నా పచ్చలైటు మీద కప్పాడు.

"లచ్చీ, బండి ఖరాబైంది. మొండన్నకు ఫోన్ జెయ్యి."

"పొద్దుగాలనే ఛార్జింగ్ వెట్టిన గదయ్యా?" అంది భార్య.

"నడుస్తలేదంటున్న గద!"

నలుగురూ రొప్పుతూ వచ్చారు. ఓదెలును నా మీది నుంచి లేపబోతూ మొండయ్య తువ్వాల పక్కకు తీశాడు. లైటు వెలుగుతోంది. అతను ఓదెలు వైపు చూశాడు. ఓదెలు గోడ వైపు చూశాడు. మొండయ్య తువ్వాల మళ్లీ కప్పి, కొస లోపలికి దోపాడు.

"పాడు మిషిన్! ఇది ఇగ బాగుగాదుర. రోజు మనమే రావాలె" అన్నాడు మిగతావాళ్లతో.

ఆ రోజు నుంచి రోజూ వచ్చారు. మెట్ల మీద మళ్లీ తిట్లు, నవ్వులు. నన్ను అడిగేవాళ్లు లేరు. లచ్చి మాత్రం ఏమీ ఎరగనట్టే రోజూ ఛార్జింగు పెట్టేది. నాకు అదే హాయిగా ఉండేది.

చలికాలం జ్వరమొచ్చి ఓదెలు మళ్లీ లేవలేదు. కింద వాకిట్లో పాడె కట్టారు. శవాన్ని మెట్లు దించాలి.

"కుర్చీ ఉన్నది గద, దాంట్ల దించరాదుండ్రి?" అన్నారెవరో చుట్టాలు.

"అది ఖరాబైంది" అన్నాడు మొండయ్య. లచ్చి తల ఎత్తి అతన్ని చూసింది. కాదనలేదు.

ఆ నలుగురే ఓదెలును చేతుల మీద ఎత్తుకున్నారు. నేను గుమ్మం పక్కన, తువ్వాల కింద వెలుగుతూనే ఉన్నాను. కాసేపటికి మెట్ల మీది నుంచి ఒక గొంతు వినిపించింది.

"మలుపచ్చింది... మెల్లగ తిప్పుండ్రి. ఎన్కోళ్లు ఆగుండ్రి."

ఈసారి ఎవరూ నవ్వలేదు.