ఆవిడకి కుదరదండీ

వారం నుంచీ ఆ పసుప్పచ్చ తోలు చెప్పులు కమలాదేవి తలుపు బయట పెట్టడం, కోడలు అరుంధతి లోపలికి తేవడం జరుగుతూనే ఉంది. అత్తగారికి గచ్చు చల్లదనం పడదని, ఇంట్లో తొడుక్కుంటారని, మొరాకోలోని ఫెజ్ నుంచి మోసుకొచ్చిందామె.

"దేవుడున్న ఇంట్లో ఆ కంపేమిటే తల్లీ" అంది కమలాదేవి శనివారం పొద్దున కూడా.

"నాన్న బెల్టూ తోలే నానమ్మా, చిల్ లా" అంది నందిత, ఈ పరాయి దేశపు యాసలో.

విశ్వనాథం పేపరు దించకుండానే తీర్పు చెప్పాడు. "ఈ ఒక్కసారికి ఉండనీ అమ్మా. అదెలాగూ మళ్ళీ అక్కడికి వెళ్ళేది లేదు."

అరుంధతి చెప్పులు కింద పెట్టింది. ఫెజ్‌లో మూడు నెలల పనికి వెళ్తావా అని ఆఫీసు వాళ్ళు అడిగింది ఆమెని. సోమవారంలోగా చెప్పాలి. ఆమె ఇంకా అవుననీ అనలేదు, కాదనీ అనలేదు.

"వెళ్ళనని ఎవరన్నారు?"

తనే అన్నాడట. మొన్న ఆదివారం తెలుగువాళ్ళ పిక్నిక్‌లో ఆమె మేనేజరు జనార్ధనరావు పులిహోర తింటూ ఆ మాట కదిపితే, ఇల్లూ పిల్లా అమ్మా, ఆవిడకి కుదరదండీ అని చెప్పేశాడట. ఆయనా పాపం అర్థం చేసుకుని, ఇంకొకరిని చూసుకుంటానన్నాడట. ఆ సమయానికి అరుంధతి నాలుగడుగుల దూరంలో ఆ జనార్ధనరావు పిల్లలకే పెరుగన్నం వడ్డిస్తోంది.

ఫెజ్‌లో మొన్న ఆమె పనిచేసొచ్చిన తోళ్ళ కంపెనీలో ఏ తోలు ఏ తొట్టిలో ఎన్నాళ్ళు నానాలో ఒక ముసలి మేస్త్రీకే తెలుసు. అదంతా కంప్యూటర్లోకి ఎక్కించడం ఆమె పని. వాసన ఆగలేక ముక్కు దగ్గర పుదీనా రెబ్బ పట్టుకుని, మేడ మీద నిలబడి నాలుగు రోజులు ఆయన్ని ప్రశ్నలడిగింది. ఐదో రోజున కంపెనీ వాళ్ళు ఏదో సందేహం తెస్తే, "ఆమెనడగండి" అన్నాడాయన. ఆ మాట ఇంట్లో చెప్పాలని ఎంత ఆత్రంగా వచ్చిందో. ఇక్కడ అందరూ అడిగింది, అన్నం దొరికిందా అని. పచ్చితోళ్ళు మోసుకొచ్చే కంచరగాడిదకి ఇరుకు సందులో దారివ్వడానికి ఆమె గోడకి అతుక్కుపోయిన కథ కూడా పిక్నిక్‌లో విశ్వనాథమే చెప్పాడు, తను చూసొచ్చినట్టు.

"నా ఉద్యోగం సంగతి మీరెలా తేలుస్తారండీ?"

"జనార్ధనరావుగారు పరాయివాడా ఏమిటి? మనవాడేగా."

వైటూకే రోజుల్లో విశ్వనాథం జకార్తాలో ఐదు నెలలున్నాడు. సూట్‌కేసు అటక దిగాకే ఆమెకి తెలిసింది. అప్పుడు ఆయన మేనేజరు ఎవరో కూడా ఆమెకి తెలీదు. కుదురుతుందా అని ఆమెనెవరూ అడగలేదు కూడా.

గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుని ఫోను చేసింది. ఫెజ్ వెళ్తానంటే జనార్ధనరావు కంగారుపడ్డాడు. "అదేమిటమ్మా, విశ్వనాథంగారు మరి..."

"ఆయన మీ దగ్గర పనిచెయ్యడం లేదండీ. నేను చేస్తున్నాను."

ఇంకా ఎవరినీ పెట్టలేదని ఒప్పుకున్నాడాయన. తర్వాత తారీఖు చెప్పాడు.

మధ్యాహ్నం అందరూ భోజనానికి కూర్చున్నారు. అత్తగారికి పప్పు వడ్డించి, నందితకి పెరుగు జరిపి, తనూ కూర్చుని అన్నం కలుపుకుంటూ అంది అరుంధతి, ఎప్పుడూ మాట్లాడే గొంతుతోనే.

"జూన్ మూడున ఫెజ్ వెళ్తున్నాను. మూడు నెలలు. ఇల్లెలా నడుపుకుంటారో మీరంతా కూర్చుని మాట్లాడుకోండి."