రెండు పళ్ళ మటన్

ఉత్తర ఇంగ్లాండులో, మా కంబ్రియా కొండల్లో ప్రతి నవంబరులోనూ కాపరులంతా కలుస్తారు. తప్పిపోయిన గొర్రెలు ఎవరివి వాళ్ళకి చేరాక, పబ్బులో వంటల పోటీ. మటన్, బంగాళాదుంపలు వేసి పొద్దుణ్ణించీ మగ్గబెట్టిన కుండ తేవాలి. నిబంధన ఒకటే: మాంసం రెండేళ్ళు దాటిన గొర్రెది కావాలి. లేత గొర్రెపిల్లని వండి గెలిచేవాళ్ళు ఎక్కువైపోవడంతో, ఈ ఏడు గొర్రె కింది దవడ కూడా తెమ్మన్నారు. ముందువైపు పెద్దపళ్ళు నాలుగైనా ఉంటే మటన్. రెండే ఉంటే ఇంకా కుర్రది.

మా హెస్టర్ అత్త ముప్ఫయ్యేళ్ళుగా మటన్ తప్ప మరొకటి వండలేదు. లేతపిల్ల వండేవాళ్ళని మొహమ్మీదే దొంగలంటుంది. ఈసారి కోసిన ఆడగొర్రెకి పదకొండేళ్ళు. వయసులో మా చర్చి కన్నా కాస్త చిన్నది. పళ్ళన్నీ రాలిపోగా రెండు మిగిలాయి.

జడ్జీగా పట్నం నుంచి వచ్చిన బ్రాత్‌వెయిట్ మాస్టారు దవడని అటూ ఇటూ తిప్పి చూశారు.

"రెండే పళ్ళు. ఇది మటన్ కాదమ్మా. పోటీలో లేనట్టే."

"అది ముసల్ది మాస్టారూ. కుర్రదైతే పక్కన పాలపళ్ళుండవూ?"

"ఉడికినప్పుడు ఊడిపోయుంటాయి."

వెనకబల్ల దగ్గర ఎవరో "దొంగెవరో తేలింది" అన్నారు. గొడవ ఇంకాస్త సాగితే బావుంటుందని నేను అడిగాను:

"అసలు మటనన్న మాట ఎక్కడిది మాస్టారూ?"

ఆయన కళ్ళజోడు సర్దుకున్నారు. "నార్మన్ దొరలు ఫ్రాన్సు నుంచి సముద్రం దాటించి తెచ్చార్రా. వాళ్ళ భాషలో గడ్డి మేసే గొర్రె కూడా మటనే. మేపే మనవాళ్ళకి షీప్, తినే దొరలకి మటన్. ఇంకా వెనక్కెళ్తే అక్కడి పాతకాలపు గాల్ జాతివాళ్ళ మాటంటారు. విత్తు కొట్టిన పొట్టేలుకి వేల్స్‌లో ఇప్పటికీ అలాంటి మాటే ఉంది."

"అయితే ఆడగొర్రె మటనే కాదన్నమాట," అంది అత్త. "మీ దొరలు తినేముందు తోకెత్తి చూసుకునేవాళ్ళా?"

"బ్రాడ్‌ఫోర్డ్‌లో మా బావ కొనే కొట్లో మేకని కూడా మటనే అంటార్ట," అన్నాడు బీరు పోసే సైలస్. మాస్టారు జేబులోంచి చిన్న పుస్తకం తీసి అది కూడా రాసుకున్నారు.

అత్త కుండ మూత తీసి, పెద్ద ముక్క ఒకటి ఆయన ముందు పెట్టింది. "మాట సంగతి మీకు తెల్సు. మాంసం సంగతి నోరు చెప్తుంది. తినండి."

మాస్టారు నమలడం మొదలుపెట్టారు. సైలస్ మూడు పీపాలు మార్చాడు. వెనకబల్ల దగ్గర ఓ పెళ్ళి కుదిరింది, చెడింది, మళ్ళీ కుదిరింది. అత్త మాత్రం కళ్ళార్పకుండా ఆయన గొంతు వైపే చూస్తూ నిలబడింది.

చివరికి మింగారు. నీళ్ళు తాగారు. ఇంకో గ్లాసు తాగారు.

"నాదే పొరపాటు. ఇంతగా నమలాల్సింది రెండేళ్ళలోపుదై ఉండదు. ఇది మటనే."

ఏడు కుండల్లో అత్తది ఏడో స్థానం. ఫలితాల కాగితం గోడకి అంటించగానే వెళ్ళి, తన పేరు పక్కన మాస్టారి చేతిరాతలో ఉన్న 'మటన్' అన్న మాటని వేలుతో చూపిస్తూ, గెలిచిన ఆవిడకి రెండుసార్లు చదివి వినిపించింది.

"చెముడొచ్చిందా అమ్మాయ్? ఇంకోసారి చదవనా?"