కప్పలకు అద్దె ఇల్లు

వీధి చివర ఎప్పుడో ఇల్లు కూల్చిన స్థలం ఒకటి ఉండేది. ఎవరింట్లో ఏది పాడైనా అక్కడికే చేరేది: విరిగిన సింకులు, పగిలిన కమోడ్లు, దూది బయటికొచ్చిన పరుపులు, సిమెంటు పెళ్లలు. వాటి కింద నుంచి ఎప్పుడూ కాస్త నీరు ఊరుతూ ఉండేది. ఒకప్పుడు అక్కడ కుంట ఉండేదని, కొంగలు వాలేవని మొదటి ఇంట్లోని ముసలావిడ చెప్పేది. ఆవిడ మాట ఎవరూ చెవిన పెట్టేవాళ్లు కాదు, డ్రామా మాస్టారు తప్ప.

మాస్టారు స్కూల్లో చెప్పింది లెక్కలే అయినా, పిల్లలకి నాటకాలు నేర్పి నేర్పి ఆ పేరు తెచ్చుకున్నారు. రిటైరయ్యాక చేతులు ఊరుకోలేదు. వీధివాళ్లే శుభ్రం చేసుకుంటే ఆ స్థలాన్ని మళ్లీ కుంటకే వదిలేస్తామని, ఇంకెవరికీ ఇవ్వమని మున్సిపాలిటీ వాళ్లు అన్నారని తెలిసి, ఇల్లిల్లూ కాళ్లరిగేలా తిరిగారు. ఆదివారం పొద్దున పార పట్టుకుని రమ్మంటే ఒకరికి నడుం నొప్పి, ఒకరికి చుట్టాలు, ఇంకొకరికి అసలు ఆదివారమంటేనే పడుకునే రోజు. చివరికి ఆయనా, భార్యా ఇద్దరే వెళ్లి, ఒక పరుపు బయటికి లాగి, ఇంటికొచ్చి నడుములకి మందు రాసుకున్నారు.

"ఊరికే పిలిస్తే ఎవరొస్తారండీ," అంది ఆమె. "మీకు చేతనైన పని చేయండి."

ఆయనకి చేతనైంది నాటకం. వారం తిరిగేసరికి రాసేశారు. ఒక కప్పల జంట ఈ వీధిలోనే అద్దె ఇల్లు వెతుక్కుంటూ వస్తుంది. ఇంటివాళ్లు ఒక్కొక్కరూ ఒక్కో వంక చెప్పి పంపేస్తుంటారు. "మీరు పాడతారట గదా, మా ఇంట్లో పాటలు కుదరవు" అంటాడొకడు. "తడికాళ్లతో తిరుగుతారు, నేల పాడవుతుంది" అంటుందొకావిడ. "పిల్లలెంతమంది?" అని అడిగి, మగకప్ప వేళ్లు మడిచి లెక్కపెట్టడం మొదలెట్టగానే తలుపేసేస్తాడు ఇంకొకాయన. వీధిలో పిల్లలే కప్పలు, కొంగలు, తూనీగలు. మాస్టారి భార్య పాత ఆకుపచ్చ కర్టెన్లు కత్తిరించి వేషాలు కుట్టింది. కళ్ల కోసం ప్లాస్టిక్ బంతులు సగానికి కోసి టోపీల మీద అతికించింది.

అసలు కిటుకు ఇంకోటుంది. ఆదివారానికి ఒక్క రంగమే ఆడించేవారు, అదీ ఆ చెత్తదిబ్బ పక్కనే. రంగం అయిపోగానే ఆయన ముందుకొచ్చి, "కప్పలు తర్వాత ఎవరి గుమ్మం ఎక్కాయో వచ్చేవారం చూద్దాం. కానీ చోటు చాలడం లేదు. ఈ పెళ్లలు కాస్త కదిలితేనే తర్వాతి రంగం" అనేవారు. మొదట అందరూ నవ్వారు. తర్వాత పిల్లల వేషాల కోసం తల్లులు దిగారు, తల్లుల వెనక తండ్రులు దిగారు. బ్యాంకాయన నిక్కరేసుకుని గునపం పట్టాడు. ఎలక్ట్రీషియన్ తన బండి మీద పెళ్లలు మోశాడు. మందుల షాపు నడిపే మాస్టారి బావమరిది, ఏ పనికీ చొక్కా నలగనివ్వని మనిషి, మోకాళ్ల లోతు బురదలో నిలబడి తుంగ మొక్కలు నాటాడు. పనయ్యాక అందరూ గట్టు మీద కూర్చుని టీ తాగుతూ, కప్పలకి ఎవరిల్లు దొరికితే బాగుంటుందో వాదులాడుకునేవారు.

ఏడాది దాటేసరికి నీళ్లు నిలిచాయి. చివరి రంగంలో కప్పలకి ఆ కుంటే ఇల్లయింది. "ఎన్నాళ్లుంటారు?" అని కొంగ అడిగితే, "పొమ్మనేదాకా" అంది ఆడకప్ప. దానికి వీధి వీధంతా "పొమ్మనం" అని గొంతు కలిపింది. మాస్టారు ఆ మాట రాయలేదు. అది జనం నోటినుంచి దానంతటదే వచ్చింది. ఆ రోజు ఇంటికొచ్చి ఆయన అన్నం కూడా సరిగ్గా తినలేకపోయారు. కడుపు ముందే నిండిపోయినట్టుంది.

మరుసటి వానలకి నిజం కప్పలు వచ్చాయి.

ఎక్కడినుంచి వచ్చాయో గానీ, చీకటి పడితే చాలు, చెవులు చిల్లులు పడేలా బెకబెకలు. కొంగలు కూడా వచ్చాయి. కుంట పక్క చెట్ల మీద వాలి, కింద నిలిపిన కార్లన్నిటికీ సున్నం వేశాయి. ఆరేసిన బట్టల గతీ అంతే. ఒక నీళ్ల పాము, ఎవర్నీ ఏమీ చేయనిదే, మెట్ల మీద చుట్ట చుట్టుకుని పడుకుంటే, బ్యాంకాయన భార్య దాన్ని చూసి హడలిపోయి, జారిపడి చెయ్యి విరగ్గొట్టుకుంది.

తవ్విన రోజుల్లో అది "మన కుంట". ఇప్పుడు "మాస్టారూ, మీ కప్పలు కునుకు పడనివ్వడం లేదు", "మాస్టారూ, మీ కొంగలు నా కారుని ఏం చేశాయో చూడండి". వాటిని ఆయనే కని పెంచినట్టు మాట్లాడేవారు. పాల ప్యాకెట్‌కి వెళ్తే ఒకరు, చెత్తబుట్ట పట్టుకెళ్తే ఒకరు. మొదట్లో ఆయన నవ్వి, "వానలు తగ్గితే అవీ తగ్గుతాయండీ" అనేవారు. రానురాను, జనం తిరిగే వేళకి వీధిలోకి రావడమే మానేశారు.

వీధి కమిటీకి ప్రెసిడెంటు బావమరిదే. అపార్ట్‌మెంటు కింద కార్లు నిలిపే చోట కుర్చీలు వేయించి మీటింగు పెట్టాడు.

"కుంటని ఎవరూ తీసెయ్యమనట్లేదు బావగారూ," అన్నాడు మెత్తగా. "అడుగున సిమెంటు వేద్దాం. నీళ్లు మోటారుతో తిరుగుతూ శుభ్రంగా ఉంటాయి. చుట్టూ టైల్స్, మధ్యలో ఫౌంటెన్. ఒక పక్కన స్టేజీ, మీ పేరుతో. నాటకం మాత్రం ఏటా జరగాల్సిందే. అది మన వీధికి ప్రాణం."

"సిమెంటు వేస్తే కప్పలెక్కడుంటాయి?"

"బొమ్మలు పెడదాం. పిల్లలకి అవే ఇష్టం."

మాస్టారు లేచి నిలబడ్డారు. "పొమ్మనం అని మీరే అన్నారు. అది నేను రాసిన మాట కాదు."

"నాటకంలో గదండీ అన్నాం," అన్నాడు ఎలక్ట్రీషియన్, నొచ్చుకున్నట్టు.

సరేననేవాళ్లని చేతులెత్తమన్నారు. ఎత్తనివాళ్లెవరో చూద్దామని మాస్టారు వెనక్కి తిరిగారు. గోడ పక్క కుర్చీలో ఆయన భార్య చెయ్యి కూడా లేచి ఉంది. పూర్తిగా కాదు, చెవి దాకానే. కానీ లేచింది.

ఇంటికొచ్చాక వంటింటి గుమ్మంలో నిలబడి, "నువ్వు కూడానా?" అన్నారు.

ఆమె కూరగాయలు తరుగుతూ తలెత్తలేదు. "మోకాలి ఆపరేషనయిన దగ్గర్నుంచి నాకు నిద్ర అరకొరే. ఇప్పుడు అదీ పోయింది. మీకు చెప్పాను."

"ఎప్పుడు చెప్పావు?"

"చెప్పాను. వానలు తగ్గితే తగ్గుతాయి అన్నారు. వీధిలోవాళ్లకి చెప్పినట్టే నాకూ చెప్పారు." చాకు పక్కన పెట్టింది. "రాత్రిళ్లు లేచి కిటికీ సందుల్లో గుడ్డలు కుక్కేది ఎవరు? మీరు కాదూ? మీకూ నిద్ర లేదు. తెల్లారాక మాత్రం అదంతా సంగీతమంటారు."

గుడ్డలు కుక్కే సంగతి ఆమెకి తెలియదనుకున్నారు మాస్టారు.

సిమెంటు పనికి కుంట అడుగు చదును చేసే మిషను వచ్చే ముందురోజు ఆయన ఒక్కరే బకెట్టు పట్టుకుని కుంటలోకి దిగారు. పొద్దుగూకేదాకా వంగి వంగి పట్టుకుంటే బకెట్టు అడుగు నిండింది, అంతే. పైన గుడ్డ కట్టి, బస్సెక్కి, ఊరి చివర కాలువ దాకా తీసుకెళ్లారు.

"ఏం పెద్దాయనా, చేపలా?" అన్నాడు కండక్టరు.

కప్పలని చెబితే బస్సులో నలుగురూ నవ్వారు. "ఇల్లు మారుతున్నాయేమో," అని ఎవరో వెనక సీట్లోంచి అందుకున్నారు. నాటకం ఇంతదూరం పాకిందన్నమాట. ఇంకో రోజైతే ఆయన ఉబ్బితబ్బిబ్బయ్యేవారు. కాలువలో నీళ్లు నల్లగా, నురగలు కక్కుతూ ఉన్నాయి. అక్కడినుంచి ముందుకెళ్లే బస్సు లేదు. అక్కడే వంచేశారు. వాటివంక తిరిగి చూడకుండా గట్టెక్కారు.

ప్రారంభోత్సవానికి నాటకం వేయించమని బావమరిది ఇంటికొచ్చి అడిగాడు. మాస్టారు కుదరదన్నారు.

"పోనీలెండి బావగారూ, పిల్లలకి మాటలన్నీ నోటికొచ్చు. మీరొచ్చి కూర్చుంటే చాలు," అన్నాడతను, ఏమాత్రం నొచ్చుకోకుండా. మాస్టారి భార్య వేషాలు బయటికి తీసి, పిల్లలు పెరిగారని కుట్లు విప్పి వదులు చేసింది.

కుదరదన్న మనిషే వెళ్లి చివరి వరుసలో కూర్చున్నారు. కుంట అడుగున నీలం రంగు టైల్స్ మెరుస్తున్నాయి. గట్టు మీద పింగాణీ కప్పలు నోళ్లు తెరిచి నీళ్లు చిమ్ముతున్నాయి. పిల్లలు ఎక్కడా తడబడలేదు. "మా ఇంట్లో పాటలు కుదరవు" అన్నప్పుడు ఒక్కరి నవ్వైనా సగంలో ఆగుతుందేమోనని ఆయన మొహాలన్నీ వెతికారు. కిందటిసారి కంటే ఎక్కువే నవ్వారు. బ్యాంకాయన భార్యకి చెయ్యి నయమైంది, పొట్ట పట్టుకుని నవ్వింది. చివర్లో ఆడకప్ప "పొమ్మనేదాకా" అంది. వీధి వీధంతా "పొమ్మనం" అంది, గొంతెత్తి, మనస్ఫూర్తిగా. వాళ్లేమీ నటించడం లేదు. అదే ఆయనకి మింగుడుపడలేదు.

స్టేజీ మీదికి పిలిచి మైకు చేతికిచ్చారు. అనాల్సినవన్నీ ఆయన ఎప్పటినుంచో లోపల వల్లె వేసుకుంటున్నారు. ముందు వరుసలో భార్య కనిపించింది. కళ్ల కింద నలుపు పోయి, మొహం తేటపడింది. "పిల్లలు బాగా చేశారు," అని మైకు ఇచ్చేశారు.

ఆ రాత్రి ఆయనకీ హాయిగా నిద్రపట్టింది. పొద్దున పక్క మీద లేచి కూర్చున్నాక ఆ సంగతి తెలిసొచ్చి, తనమీద తనకే రోత పుట్టింది.

కొన్నాళ్లకి పక్క వీధివాళ్లు వచ్చారు. "మా వీధి చివరా ఇలాంటి దిబ్బే ఉంది మాస్టారూ. ఎంత పిలిచినా ఒక్కరూ రావట్లేదు. మీ నాటకం పడితేనే కదుల్తారు."

మాస్టారు వాళ్లని కూర్చోబెట్టారు. "నీళ్లు నిలిస్తే కప్పలొస్తాయి. తెల్లార్లూ అరుస్తాయి. కొంగలు మీ బట్టలు పాడు చేస్తాయి. ఉంచుకుంటారా?"

వాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. వాళ్లలో పెద్దాయన పకపకా నవ్వి, "చూశారా, అప్పుడే మొదలెట్టేశారు," అన్నాడు.

"నిజంగానే అడుగుతున్నాను," అన్నారు మాస్టారు. దానికి ఇంకా నవ్వారు.

తనవల్ల కాదని, ఇంకెవర్నైనా చూసుకోమని ఆయన ఎంత చెప్పినా, బతిమాలించుకోవడమనే అనుకున్నారు. మళ్లీ వస్తామని చెప్పి, నవ్వుకుంటూనే మెట్లు దిగారు. భార్య వచ్చి టీ కప్పులు తీసి ఒకదాంట్లో ఒకటి పెట్టింది. మాస్టారు కాక ఆ ఇంట్లో నవ్వనిది ఆమె ఒక్కతే.

"మీరు నిజంగానే అడిగారు గదూ," అంది.

"నిజంగానే అడిగాను."

"నన్ను కూడా అలా ముందే అడిగుండాల్సింది," అని కప్పులు తీసుకుని లోపలికి వెళ్లిపోయింది.