గీతకవతల పడ్డ బంతి

పంతొమ్మిదివందల ముప్పై ఎనిమిది, చలికాలం. నాగర్‌కర్నూలు వెలుపల ఒక దొరగారి తోటలో టెన్నిస్ కోర్టుకు సున్నపు గీతలు గీయడం దేవమ్మ పని. ఆ పని ఉన్నంతకాలమే ఆమె, పెనిమిటి దానియేలు ఊళ్లో నిలవగలరు, బిడ్డ మిషన్ బడికి పోగలదు. అది పోయిననాడు కూలీలను తోలుకుపోయే మేస్త్రీ వెంట దూరదేశపు మట్టిపనికి కదలవలసిందే.

ఆ ఏడు హైదరాబాదుకు ఆడవచ్చిన చిలీ దేశపు విజేత మార్తా ఒలివారెస్‌ను దొరగారు తోటకు పిలిచారు. ఆమె ఇంగ్లీషును తెలుగు చేయడానికి బడి పంతులమ్మ పుష్పమ్మను రప్పించారు.

గీతలు గీస్తున్న దేవమ్మకు పుష్పమ్మ పత్రికలో చదివినదంతా చెప్పింది. మార్తా తల్లి ఓడరేవు పట్నంలో ఇంటింటి బట్టలు ఉతికేది. క్లబ్బులోకి రానివ్వరు గనుక ఆ పిల్ల బయటి గోడకు చెక్కపలకతో బంతి కొట్టి ఆట నేర్చింది. పదిహేడేళ్లకు తన దేశానికి విజేత అయింది. ఇరవైమూడేళ్లకు లండనులో ఒక పెద్ద పోటీ చివరిదాకా వెళ్లి, గీత మీద పడిన బంతిని తీర్పరి బయట పడిందనడంతో ఓడిపోయింది.

“ఆడ గూడ గట్లనే చేస్తరా పంతులమ్మా?”

“ఏ దేశమైతే ఏంది? ముందు చెయ్యి సూడు, నీ ముచ్చట్లకు గీత వంకరవోతుంది.”

సాయంత్రం మార్తా దొరగారి బావమరిదితో ఆడింది. గెలుపు పాయింటు కోసం ఆమె కొట్టిన బంతి మూలన పడింది. ఎత్తు కుర్చీలో కూర్చొని తీర్పు చెబుతున్న, దొరగారి లెక్కలు చూసే మునీం పెంటయ్య, అతిథి మర్యాద తలచి, “లోపలే! దొరసాని గెలిచింది!” అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు.

మార్తా మాత్రం వచ్చి గీత మీదికి వంగింది. సున్నం చెదరలేదు, బంతి గీతను తాకిన గుర్తు లేదు. పక్కనే నిలబడ్డ దేవమ్మను ఏదో అడిగింది.

“బంతి ఏడ వడ్డదని అడుగుతుంది. జర ఆలోచించి చెప్పు,” అంది పుష్పమ్మ, గొంతు తగ్గించి.

దేవమ్మ దొర ముఖం చూసింది. బిడ్డ చదువు గుర్తుకొచ్చింది.

“అవతల వడ్డది,” అంది. “బెత్తెడు అవతల.”

మార్తా ఆ పాయింటు వదులుకొన్నది. ఆ పైన ఆట కూడా ఓడింది. వెళ్లేముందు దేవమ్మ సున్నపు చేతిని తన చేతుల్లోకి తీసుకొన్నది. దొర తల తిప్పుకొన్నాడు.

మరునాడు పెంటయ్య దేవమ్మను తోట గేటు దగ్గరే ఆపేశాడు.

“నలుగుట్ల దొర పరువు దీసినవ్ గదనే! పోయి కాళ్ల మీద వడి, కండ్లు సరిగ కనవడలే దొరా అను. పని ఉంటది.”

“కనవడ్డది గద సాబ్.”

“ఆ దొరసాని నీకేమన్న ఇనాం ఇచ్చిందా?”

“లేదు సాబ్. అడిగింది, చెప్పిన.”

పని పోయి నెల తిరగకముందే, వాళ్లు మట్టిపనికి కదిలే నాడు, పుష్పమ్మ పత్రిక తెచ్చి చదివింది. అందులో మార్తా చురుకైన చూపును, నిజాయితీని వేనోళ్ల పొగిడారు. ఆ పాయింటు ఆమె కీర్తిలో చేరింది.

“నా ముచ్చట రాసిన్రా?”

“లేదు దేవమ్మా. నేను రాసి పంపిన, అచ్చు వెయ్యలే.” పుష్పమ్మ పత్రిక మడిచింది. “బిడ్డను తోలుకపోకు. నాకాడ ఉంటది, నా ముందలనే చదువుతది. నెలనెలా నీకు జాబు రాయిస్త.”

“నాకు సదువ రాదు గద.”

“మేస్త్రీతోని సదివించుకో.”

“వాడు కూలి లెక్కనే జాబు గూడ సగం మింగుతడు పంతులమ్మా,” అంది దేవమ్మ. ఆ నెలలో ఆమె నవ్వడం అదే మొదలు. మూట నెత్తికెత్తుకొని దానియేలు వెంట మేస్త్రీ బండి దగ్గరికి నడిచింది.