ఏ కోపాలిమర్?

రామలింగయ్య సర్కారు ఫ్యాక్టరీ ల్యాబులో ప్లాస్టిక్ ముక్కలు విరిచే పని చేసేవాడు. ముక్కను మిషన్‌కు బిగించడం, ఎంత దెబ్బకు విరిగిందో రిజిస్టర్‌లో రాయడం, ఇంకో ముక్క తీయడం. తొమ్మిదేళ్లుగా అదే పని. అయినా సాయంత్రం బస్సు దిగి శాలిబండలో తన గల్లీలోకి వచ్చేసరికి సైంటిస్టు అయిపోయేవాడు. ఆ బిరుదు తనకు తానే ఇచ్చుకున్నాడు. దాని వల్ల జరిగిన బకెట్ల సంగతిని అందరికంటే ఎక్కువ నవ్వుతూ చెప్పేది కూడా ఆయనే.

అది ఎనభై ఆరు చలికాలం. మొఘల్‌పురాలో ప్లాస్టిక్ బకెట్లు తయారు చేసే దస్తగీర్ తల పట్టుకుని కూర్చున్నాడు. పొద్దున చలిలో నీళ్ల బకెట్ చేయి జారితే చాలు, అడుగు పగిలిపోతోంది.

"రామలింగం భాయ్, పెద్ద ల్యాబుల పనిచేస్తవు గదా. ఏం చెయ్యాలె జెర చెప్పు" అన్నాడు.

"నువ్వు వాడేది ఒట్టి పాలీప్రొపిలీన్. గట్టిగుంటది గానీ చలికి పగుల్తది. కోపాలిమర్ వాడు. దాంట్ల ఇథిలీన్ గూడ కలిసుంటది. ఫికర్ ఉండదు."

దస్తగీర్ కళ్లలో గౌరవం కనిపించింది. రామలింగయ్య అక్కడితో ఆగి ఉంటే బాగుండేది. సరుకు తానే ఎంచుతానని దుకాణానికి వెంట వెళ్లాడు.

దుకాణంలో కోపాలిమర్ గుళికలు రెండు రకాలున్నాయి. ఒకటి మసక తెలుపు. రెండోది పటికబెల్లంలా నిగనిగలాడుతోంది.

"ఏది ఇమ్మంటరు సార్?" అన్నాడు దుకాణదారు.

ఆ 'సార్' అన్న మాటకు ఛాతీ రెండంగుళాలు పెరిగింది. రెండింటికీ తేడా ఏమిటని అడిగితే తనకు తెలియదని బయటపడుతుంది. "గిదే. ఎంత సాఫ్‌గున్నదో చూడు, కల్తీ లేదు" అని నిగనిగలాడే దాన్ని చూపించాడు.

మొదటి బకెట్‌ను దస్తగీర్ ఇంటి డాబా మీద నుంచి కిందికి విసిరారు. అది ఎగిరి పడి దొర్లింది, పగల్లేదు. జనం చప్పట్లు కొట్టారు. రామలింగయ్య మెట్ల మీద నిలబడి సైన్స్ గురించి పావుగంట మాట్లాడాడు. వారంలో బకెట్లన్నీ అమ్ముడుపోయాయి.

ఆదివారం పొద్దున ఆయన భార్య సక్కుబాయి కొత్త బకెట్‌లో మరిగిన నీళ్లు పోసింది. రామలింగయ్య దర్జాగా ఎత్తాడు. హ్యాండిల్ తగిలించిన రెండు చెవులూ మెల్లగా సాగాయి. గుండ్రటి మూతి కోడిగుడ్డులా కోలగా అయింది. పొట్ట కిందికి జారింది. ఆయన గెంతి తప్పుకోబట్టి కాళ్లు దక్కాయి గానీ నీళ్లన్నీ వాకిలి పాలయ్యాయి.

"గిదేంది, బకెట్‌కు కడుపొచ్చినట్టున్నది?" అంది సక్కుబాయి.

మధ్యాహ్నానికి దస్తగీర్ గుమ్మంలో అలాంటి కడుపులతో పదకొండు బకెట్లు చేరాయి.

మర్నాడు రామలింగయ్య తన ల్యాబు పెద్ద ఇస్సాకు సార్ ముందు నిలబడి సంగతంతా చెప్పాడు. ఆయన ఒక్కటే అడిగాడు. "ఏ కోపాలిమర్?"

"ఏదంటే... కోపాలిమరే సార్."

"రెండింట్లోనూ ఇథిలీన్ ఉంటుందయ్యా. అది ఎక్కడ కూర్చుందన్నదే తేడా. నువ్వు తెచ్చిన దాంట్లో అది గొలుసు పొడవునా ఇక్కడొకటి అక్కడొకటి చల్లినట్టుంటుంది. అందుకే గొలుసులు ఒకదాని పక్కన ఒకటి సరిగ్గా ఒదగలేవు. చూస్తే అద్దంలా ఉంటుంది, పడితే తొందరగా పగలదు, కానీ మెత్తన. వేడి తగిలితే ఇంకా మెత్తన. ఆ తెల్లదాంట్లో పాలీప్రొపిలీన్ గొలుసులు ఒదిగి గట్టిగానే ఉంటాయి. ఇథిలీన్ ఎక్కువున్న భాగాలు రబ్బరు ముద్దల్లా మధ్యమధ్యలో విడిగా ఉంటాయి. దెబ్బ తగిలితే చీలిక ఆ ముద్దల దగ్గర ఆగిపోతుంది. దాని మసక కూడా ఆ ముద్దల వల్లే."

"మసకంటే కల్తీ అనుకున్న సార్."

"ఈ రెండింటినీ ఏళ్ల తరబడి విరిచింది నువ్వే కదా?"

రామలింగయ్య వెళ్లి రిజిస్టర్ తిప్పాడు. ఒకే పేజీలో, ఒకదాని కింద ఒకటి, రెండు రకాల బలాలూ బలహీనతలూ అంకెల్లో ఉన్నాయి. అక్షరాలు ముత్యాల్లా ఉన్నాయి. అవి తన అక్షరాలే. రాసిందొక్కసారి చదివి ఉంటే సరిపోయేది.

సాయంత్రం దస్తగీర్‌తో అంతా ఒప్పుకున్నాడు. దస్తగీర్ గుమ్మంలోని వంకర బకెట్ల వైపు చూశాడు. "వచ్చేటోళ్లకు ఏం జెప్పాలె మరి?" అన్నాడు.

"నేనే చెప్త."

తెల్లరకంతో చేసిన కొత్త బకెట్లు పక్కన పెట్టుకుని రామలింగయ్య మూడు సాయంత్రాలు దస్తగీర్ గుమ్మంలో కూర్చున్నాడు. పాతది తీసుకుని కొత్తది ఇస్తూ "తప్పు నాది" అన్నాడు ప్రతి ఒక్కరికీ.

"నీది గాక ఎవరిదయ్యా? స్పీచ్ కొట్టింది నువ్వే గదా" అంది చంద్రమ్మ అనే ముసలమ్మ, కొత్త బకెట్‌ను వేలితో తట్టి చూసుకుంటూ.

నిగనిగలాడే గుళికలు ఇంకా ఆరు బస్తాలు మిగిలాయి. వాటిని ఏం చేయాలో సైంటిస్టుకు తోచలేదు. దస్తగీర్ భార్య అమీనా గుప్పెడు తీసి వెలుతురుకు పట్టి చూసింది.

"గాజుల డబ్బాలు చెయ్యరాదూ? లోపలి రంగు బయటికే కనబడ్తది. కింద పడ్డా పగలదు. గాజుల డబ్బాల వేడినీళ్లు ఎవరు పోస్తరు?"

రామలింగయ్య తానూ గుప్పెడు తీసి వెలుతురుకు పట్టాడు.

నెల తర్వాత డబ్బాలు గాజులమ్మే లాడ్ బజార్‌కు చేరాయి. దుకాణంలో బేరమంతా అమీనాయే మాట్లాడింది. మూత తెరిచి, మూసి, నేలకేసి కొట్టి చూపించింది. రామలింగయ్య వెనకాల అట్టపెట్టె భుజాన పెట్టుకుని నిలబడ్డాడు.

దుకాణం సేటు ఆయన్ను హమాలీ అనుకున్నాడు. "వో కోనే మే రఖో" అన్నాడు మూల చూపిస్తూ.

రామలింగయ్య పెట్టెను జాగ్రత్తగా మూలన దించి, రెండోది తేవడానికి ఆటో వైపు నడిచాడు.